ఎడమచేతి పాళీ

ఆదోని పత్తి మార్కెట్టు వెనక
పంక్చర్లేసే అంగడికీ గాజుల అంగడికీ నడుమ
ఒక మనిషి పట్టేంత సందు.
ఆ సందుకు రేకు తలుపు బిగిస్తే
అదే నబీసా అంగడి.

నేను పట్టుకుపోయిన పెన్ను నాది కాదు.
రిజిస్ట్రారాఫీసు ముందర
నా జిరాక్సు మిషను పెట్టుకోడానికి పాత బల్ల కొన్నాను.
దాని సొరుగులో, తుప్పు గుండుసూదుల కింద,
తేనెరంగుది, మూత లేకుండా పడుకోనుంది.

"ఎన్నేండ్లాయె ఇది రాయక?"
నాకేం తెలుసు.
పాళీ కొసను నాలిక్కి తాకించి చూసి
"ముప్పై దాటింటాయి" అన్నాడు,
చింతపండు పాతదో కొత్తదో చెప్పినట్టు.

మా ఊర్లో కొళాయి వచ్చిన రోజే పండగ.
అందుకని నీళ్లు చెంబుతో వంచలేదు,
సీసా మూతతో కొలిచి గిన్నెలో పోశాడు.
పెన్ను మునిగింది.
కాసేపటికి అడుగునుంచి నీలం
ఊదుబత్తి పొగలా లేచింది.
"రాయకుండా ఉండిపోయిన మాటలేమో" అన్నాను.
"మాటలూ లేవు ఏమీ లేవు మ్మా,
మడ్డి."

లోపలి రబ్బరు తిత్తి పొడై రాలింది.
కంపెనీ ఎప్పుడో మూతబడింది, సామాను దొరకదు.
దొరకదు అంటేనే
అతనికి చేతులు దురద పుడతాయి.
పక్కంగడికి కేకేస్తే జానెడు సైకిలు వాల్వు ట్యూబు వచ్చింది.
బిగుతు. ఎక్కలేదు.
ట్యూబును తిట్టలేదు,
సైకిళ్లను అమ్ముకున్న ఊరిని తిట్టాడు.
చెవిమందు సీసా పిల్లరు తల కోశాడు, అది పట్టింది.
అతికేందుకు గాజులామె నడిగి
మిరపగింజంత లక్క.
దీపం మీద అది కరిగేసరికి
సందంతా ఎవరిదో పెండ్లివాసన.

సిరాను పాళీకి అందించే నాలుక చీలిపోయుంది.
నల్ల దువ్వెన పన్నును వేడినీళ్లలో నానబెట్టి చెక్కాడు.
ఒకటి విరిగింది.
ఇంకొకటీ విరిగింది.
మూడోది కూర్చుంది, ఊపిరి బిగబట్టి
మేమిద్దరం కూడా కూర్చున్నాం.

మూత ఇంకో పెన్నుది. నల్లది.
తేనెరంగు ఒంటికి అరువు టోపీ.
"ఎవురన్నా నవ్వితే నవ్వనీ,
ఎండిపోదు గదా."

ఆఖరుకి పాళీ.
భూతద్దం కంటికి అదుముకుని శానాసేపు పలకలేదు.
తర్వాత మెల్లగా,
"ఎడమచేతి మనిషి" అన్నాడు.

బేతంచెర్ల బండముక్క మీద
నాలుగు చుట్లు తిప్పితే చాలు,
కుడిచేతికి సాపు చేస్తానన్నాడు.
అద్దంలో నేనూ చూశాను.
కొస ఒక పక్కకే అరిగి ఉంది,
బావిగట్టున తాడు కోసిన గాడిలా.
తూకం చీటీలు రాసిన గుమాస్తానో,
మండీ లెక్కలు చూసిన ఆడమనిషో,
బడిలో బెత్తం దెబ్బ తిని కూడా
చెయ్యి మార్చుకోని మొండిఘటమెవరో
ఇన్ని వేలసార్లు అటే ఒరిగి
ఇనుమును తమ దారికి తెచ్చుకున్నారు.

వద్దన్నాను.
"అయితే గీరుతుంది. కొన్నాళ్లు.
ఆమైన అదన్నా మారుతుంది, నువ్వన్నా మారతావు."

ఇప్పుడు మే నెల.
ఎండకు సిరా పొంగి కారుతుంది,
జిరాక్సు కాగితాల మీద నా వేలిముద్రలు నీలం.
'ళ' మెలిక దగ్గర ఇంకా మొరాయిస్తుంది.
మొన్న బ్యాంకులో నా చెక్కు తిప్పి పంపారు,
సంతకం కలవలేదని.
పక్కపక్కన పెట్టి చూసుకుంటే నిజమే,
నా పేరు ఎడమవైపు ఒరిగింది,
ఎవరో పిలిస్తే తిరిగినట్టు.

చెప్పడం మరిచాను.
ఆ రోజు నలభై రూపాయలు తీసుకుని
లెక్క రాసుకోడానికి నబీసా
చెవి మీదినుంచి ఒక బాల్‌పెన్ను తీశాడు,
కొస కొరికింది, మూడు రూపాయలది.
"ఇదేంది?" అని నవ్వాను.
"ఇది చెడితే పారేస్తాను మ్మా" అన్నాడు,
"బాగుచెయ్యమని
నన్నెవురూ అడగరు."