ఇరవై రెండు

రాత్రి ఎనిమిదికి మాత్ర.
పొద్దున ఎనిమిదికి నెత్తురు.
నడాన పన్నెండు గంటలు
నేను నిద్రపోయినానో లేదో ఎవురూ అడగలా,
మాత్ర ఏమైందో తెలుసుకోవాలంట.

ల్యాబులో మునిశేఖరు, చిన్నపిల్లోడు,
రబ్బరు పట్టీ బిగిస్తా అంటాడు
"పిడికిలి ముయ్యి మామా, స్టీరింగు పట్టుకున్నెట్ల."
వాడికి తెలీదు,
ఈ పిడికిలి ఏడు నెలలుగా దేన్నీ పట్టుకోలేదని.

పంతొమ్మిదేండ్లు కొండ బస్సు తోలినా.
అలిపిరి దాటినాక ఏ మలుపులో
ఏ చక్రం ఎంత నలుగుతుందో
నిద్రలో లేపి అడిగినా చెప్తా.
ఒకనాడు దిగేటప్పుడు, ఎందుకో,
మలుపు మలుపుగా కనపడలా.
బ్రేకు తొక్కినా. బస్సు ఆగింది. జనం గోవిందా అన్నారు.
నేను ఆగలేదు,
ఇంకా జారతానే ఉండా.

డిపోలో టైర్ల లెక్క రాసే పని ఇచ్చినారు.
"మనసు గట్టి చేసుకో బావా" అన్నాడు బామ్మర్ది.
మనసేమన్నా నట్టా, స్పానరేసి బిగించను?

రెండు నెలలు మింగినా. ఏమీ లేదు.
నిజంగానే మింగుతాండానా అని
సంపూర్ణ దిండు కింద, బీరువా సందులో, చెత్తబుట్టలో
మాత్రల కోసం ఎతికింది.
నేను చూసీ చూడనట్ట పండుకున్నా.

నెత్తురు గొట్టం రాయవేలూరు పోయింది.
నాలుగు దినాలకి కాగితం వచ్చింది.
ఇరవై రెండు.
యాభై దాటాలంట, నూటయాభై దాటకూడదంట.
డాక్టరు నఫీసా ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి
నా దిక్కు కాదు, సంపూర్ణ దిక్కు తిరిగింది.
"మింగుతున్నాడమ్మా. మింగకపోతే ఇదీ ఉండదు.
ఈయన కాలేయానికి తొందరెక్కువ,
వచ్చిన మందును వచ్చినట్టే అరగదీసేస్తోంది."

డీజిలు ముల్లు చూపించినట్ట చూపించింది.
బండి చెడలా, డ్రైవరు సోమరోడు కాదు,
ట్యాంకే నిండలా.
సంపూర్ణ ఏమీ అనలా. కొంగుతో ముక్కు తుడుచుకునింది.
వచ్చేటప్పుడు బస్టాండు కాడ
నాకు పెద్ద గ్లాసు చెరుకురసం తాపింది,
తాను తాగలా.

మాత్ర పెంచినారు. మళ్లా నెత్తురు, మళ్లా వేలూరు.
తొంభై ఒకటి.
"ఇంక బాగైపోతానా మేడం?"
ఆమె అబద్ధం చెప్పలా.
"అంకె బాగుంటే దోవ బాగుందని అర్థం.
చేరతావని రాసివ్వలేను. మూడు వారాలు చూద్దాం."

ఒకటో వారం లేదు. రెండోదీ లేదు.
మూడో వారం బుధవారం, టైర్ల లెక్క రాస్తాంటే
గేటు బయట ఎవడో కొత్తోడు
ఎత్తు మీద మూడో గేరేసి ఇంజన్ను ఏడిపిస్తాండాడు.
పెన్ను పడేసి లేచినా.
"రెండెయ్‌రా, రెండు! గేరుపెట్టె పగలగొడతావా?"
అందరూ తిరిగి చూసినారు.
ఎవుడా అరిసిందని నేనూ చూసినా.

గురువారం మళ్లా ఏమీ లేదు.
కాగితం జేబులోనే ఉండాది,
లైసెన్సు పక్కన.