చింతపిక్కల పద్మనాభం

కరెంటు పోయిన రాత్రి
తవిటయ్య తాత చాప మడిచి గోడకి ఆన్చి
గచ్చు మీద సుద్దముక్కతో గోస్తనీ నది గీసేవాడు.
వంకర కుదరకపోతే అరచేత్తో చెరిపి మళ్ళీ గీసేవాడు.
బోర్లించిన సత్తుగిన్నె, కొండ.
చింతపిక్కలు రాజుగారి వైపు.
గవ్వలు కంపెనీ పటాలం.
గవ్వలు ఎప్పుడూ నాకే.
"ఒక్కసారి నేను రాజు వైపు ఉంటాను తాతా" అంటే
"నువ్వు గెలిసీవోడివి కదరా గుంటా, ఏడుస్తావేటి?" అనేవాడు.

బడి పుస్తకంలో ఆ యుద్ధానికి నాలుగే వాక్యాలు.
తెల్లారకముందు మొదలై
గంట తిరక్కుండా అయిపోయిందట.
మా లైను కుళాయి దగ్గర తగువే
అంతకన్నా ఎక్కువసేపు నడుస్తుంది.
ఆ గంటని తాత
నాతో ఎనిమిదేళ్ళు ఆడాడు.

ఒక రాత్రి వాన ముందే కురిపించాడు.
చెంబులో మూడు వేళ్ళు ముంచి చిలకరించి
"నీ మందు తడిసిపోనాది" అన్నాడు.
నా తుపాకులు దగ్గాయేగాని పేలలేదు.
ఇంకో రాత్రి కొండ కింద కుక్క మొరిగింది.
కుక్క తానే అయ్యాడు,
పక్కవాటాలో పసిపాప లేచి ఏడ్చింది.
మరోసారి గవ్వలకి దారి చూపాల్సిన మనిషికి
తేలు కుట్టించాడు.
ఒకసారి ఏమీ మార్చలేదు.
ఆ రోజు ఓడిపోయి
పిక్కలన్నీ ఏరి దోసిట్లో పట్టుకుని
చాలాసేపు కూర్చున్నాడు.

గెలిచిన రాత్రుల్లో
విజయనగరంలో కలెక్టరాఫీసు ఉండేది కాదు.
కంటోన్మెంటు అంతా చోడిచేను.
రైలు ఎవరి కోసమో ఏ దారినో పోయేది.
మిల్లు లేదు, ఆ చోట
చంపావతి ఒడ్డున దొండపాదులు.
"మరి శిస్తో మావా?" అంది మా అమ్మ ఒకసారి,
గుమ్మంలో చేట పట్టుకుని రాళ్ళేరుతూ.
"అది మటుకు రాజుగోరికి కట్టాల."
"అయితే కోడికూతకి లేచి బరువు మోసీది
అప్పుడూ మనవేనన్నమాట."
తాత గిన్నె ఎత్తి కింద చూశాడు,
కొండ కింద జవాబు పెట్టి మర్చిపోయినట్టు.

ఆయన్ని పుట్టగానే అమ్మేశారు.
ముందు ముగ్గురు దక్కలేదని
ఎదురింటావిడ చేటెడు తవుడిచ్చి కొనుక్కుని
పొద్దుటికల్లా తిరిగి ఇచ్చేసింది.
చావు వచ్చి వెతుక్కునేసరికి
ఆ ఇంట్లో ఆ బిడ్డ లేడు,
తవుడు ఉంది.
అలా బతికినవాడికి
జరిగిందేదో జరిగిపోయిందని
ఎవరు నచ్చజెప్పగలరు?

ఒక్క సాయంత్రాన్ని మాత్రం
గచ్చు మీద ఏనాడూ గీయలేదు.
మిల్లు గేటు. తాళం పడి నూట నలభయ్యో రోజు.
పాత కూలికే లోపలికొస్తామనేవాళ్ళు
చేతులెత్తండి అన్నారు.
లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు.
ఒక్క చెయ్యి తేడా.
తాత చెయ్యి లేచి ఉంది.
తలగుడ్డ సర్దుకోడానికి లేచిందంటాడు.
పక్కనే మా నాన్న, చేతులు కట్టుకుని.
గేటు తెరుచుకుంది.
నెల తిరక్కుండా మా నాన్న మగ్గాల వరస ఎత్తేశారు.

ఒకే గోడకి అటొకరూ ఇటొకరూ
పలకరింపు లేకుండా బతికారు.
ఆటకి వెళ్ళొద్దని మాత్రం నాన్న నాతో అనలేదు.
నేను తిరిగొచ్చేసరికి చీకట్లోంచి
"ఎవరు గెలిచార్రా?" అనేవాడు,
అంతే.

పదో తరగతి సెలవుల్లో
సుద్దముక్క నేను లాక్కున్నాను.
నది గీయలేదు.
రెండు స్తంభాలు, మధ్య తలుపులు.
బయట పిక్కలు పోశాను, అన్నీ ఒకే రంగువి.
తాత చూశాడు.
లాంతరు వత్తి తగ్గించాడు, పెంచాడు.
గుంపులోంచి ఒక పిక్కని
రెండు వేళ్ళతో కొంచెం పైకెత్తి
దించకుండా
అలాగే పట్టుకున్నాడు.

కరెంటొచ్చింది.
గోడకవతల నాన్న దగ్గాడు.
"సాప పరుసుకో" అన్నాడు తాత.
పిక్క ఇంకా ఆయన వేళ్ళలోనే ఉంది.