పింజ

స్విచ్చి వేస్తానే ముందు దగ్గుతుంది.
తర్వాత గొంతు సవరించుకుని
సాయంత్రం దాకా ఆపదు.

ఆదోని మార్కెట్ యార్డు, నాలుగో కౌంటరు.
కంప్యూటరు లోపలి ఫ్యాను మోత
బయటి వేలం కేకల్ని మింగేస్తుంది.
సెక్రెటరీకి మూడు అర్జీలు పెట్టినా.
"పని చేస్తాండాది గదమ్మా" అన్నాడు మూడుసార్లూ.
నిజమే, చేస్తాంది.
నేనూ చేస్తాండా.

కాటా చీటీలు మడిచి కాళ్ల కింద దూర్చినా.
బడిలో అల్లరి పిల్లను నిలబెట్టినట్టు
గోడవైపు తిప్పి నిలబెట్టినా.
నెత్తిన అరచేత్తో ఒకటి వేస్తే
పదకొండు నిమిషాలు మెదలకుండా ఉంటుంది,
అంతకు మించి దానికి భయం లేదు.
చెవుల్లో దూది పెట్టుకున్న రోజు
వరుసంతా నవ్వింది:
"మా పత్తేనా అమ్మా అది?"

చివరికి పెదవులు చదవడం నేర్చుకున్నా.
కౌతాళమంటే తెరుచుకున్న నోరు చివర్లో మూతపడుతుంది.
హొళగుంద అనేటప్పుడు పెదవులు
వేడి టీ ఊదుతున్నట్టు ముందుకొస్తాయి.
ఆకూవక్కా నమిలేవాళ్లది మాత్రం
ఏ ఊరో దేవునికే ఎరుక.

తాయన్న సంగతి అట్లే జరిగింది.
పాసుబుక్కు ఇంట్లో మరిచి
నోటితో చెప్పినాడు పేరు.
పెదవులకు త, ర తేడా తెలీదు.
రాయన్న అని కొట్టినా.
పన్నెండు క్వింటాళ్ల డబ్బు
ఎవరిదీ కాని పేరు మీద
తొమ్మిది రోజులు ఆగిపోయింది.
తొమ్మిది రోజులూ పెద్దతుంబళం నుంచి
మొదటి బస్సుకే వచ్చి నిలబడినాడు.
నన్ను ఒక్క మాట అనలేదు.
అన్నాడేమో, మోతలో నాకే వినపడలేదేమో.

పదో రోజు మస్తాన్ వలీని పిలుచుకొచ్చింది
యార్డు ఊడ్చే హుసేనమ్మ.
జిన్నింగు మిల్లులో ముప్పై రెండేండ్లు ఫిట్టరు.
రెండు చెవులూ మిల్లుకే ఇచ్చేసి బయటికొచ్చినాడు.
"శబ్దం వస్తాంది తాతా!" అని అరిచినా.
నా ముఖంలోకి చూసి
"అరవొద్దు పాపా, అరిస్తే పెదాలు వంకర పోతాయి.
నిదానంగా చెప్పు" అన్నాడు.

డబ్బా పక్కన అయిదు వేళ్లూ ఆనించినాడు,
సూడి ఎనుము కడుపు మీద చెయ్యి వేసి
దూడ ఎటు తిరిగిందో చూసినట్టు.
"బేరింగు మంచిదే. పాపం, ఊపిరాడ్డంలే."

నాలుగు స్క్రూలు నా హాజరు పుస్తకం మీద పెట్టి
మూత తీసినాడు.
లోపల ఒక గూడు.
రెక్కలకు చుట్టుకొని బూడిదరంగు పత్తి.
చేతికి తీసుకుంటే కోడిపిల్లంత, అంతే వెచ్చగా.
మూడు సీజన్లుగా నా ముందు నుంచి పోయిన
బోరేలన్నీ తలా ఒక పోగు వదిలిపోయినాయి.
కాటా ఎక్కని పత్తి.
తరుగులో కూడా రాయని పత్తి.
ముందున్న ముసలాయన కిటికీలోంచి వంగి
రెండు వేళ్లతో పోగు లాగి చూసి
"పింజ పొట్టిది, రేటు రాదులే" అన్నాడు.

కుట్టుమిషను నూనె, ఒక చుక్క.
స్విచ్చి.

కాటా గొలుసు కిర్రుమంటుందని
ఆ పొద్దే తెలిసింది నాకు.
రేటు చెప్పగానే ఒకాయన
ముక్కులోంచి గాలి వదలడం విన్నా.
"పోయినేటికంటే ఎనిమిది వందలు తక్కువ"
అని ఎవరో తనకు తానే చెప్పుకోవడం విన్నా.
ఒక్క నిమిషం, నిజం చెప్తున్నా,
ఆ మోతే మేలనిపించింది.

బ్రష్షూ నూనె సీసా సొరుగులో పెట్టుకున్నా.
మాఘానికి మళ్లీ దగ్గు మొదలవుతుంది.
ఆ పింజా అక్కడే ఉంది,
పారేయడానికి చెయ్యి రాలేదు.

"పేరు?" అని అడిగినా తర్వాతి మనిషిని.
ఆయన ఉలిక్కిపడి
ఒక అడుగు వెనక్కి వేసినాడు.
"అంత గట్టిగా ఎందుకమ్మా,
ఈడనే ఉండా గదా."