తోకచక్రం

గైమాన్ దాటాక గులకరాళ్ల రన్‌వే.
పడమటి గాలి ఇక్కడ ఎవరికీ చుట్టం కాదు.

"ముక్కు కింద చక్రమున్న విమానం
ఇల్లెరిగిన గుర్రం" అంటుంది ఎలినెద్ ముసలమ్మ.
"బరువు ముందు, పెద్ద చక్రాలు వెనక.
కాస్త వంకరగా దిగినా తనే సర్దుకుంటుంది.

ఇదలా కాదు.
దీని బరువు చక్రాల వెనకుంది.
తోపుడుబండిని వెనక్కి తోసి చూశావా?
బెత్తెడు జరగనిస్తే మూరెడు అడుగుతుంది,
మూరెడిస్తే
తోకే ముందుకొచ్చి నీ మొహం చూస్తుంది."

సీట్లో కూర్చుంటే ఎదురుగా ఆకాశమే.
నేల మీద పాములా మెలికలు తిరుగుతూ పోవాలి,
ఎడమ కిటికీలోంచి ఓసారి, కుడి కిటికీలోంచి ఓసారి
తొంగి చూసుకుంటూ.
మొన్న గ్వానాకోల మంద. నిన్న ఎవరో మరిచిన పీపా.

ఆ రోజు బాగా దిగాను.
మూడు చక్రాలూ ఒక్కసారే, చప్పుడైనా లేకుండా.
మెచ్చుకుంటుందేమోనని ఆమె వైపు తిరిగాను.
పాదాలు పెడల్స్ మీద ఉన్నాయో లేదో.

గాలి చూసింది.

దుమ్ము.
రెక్క కొస గులకరాళ్ల మీద గీసిన
సగం సున్నా.

ఆమె తిట్టలేదు. ఫ్లాస్కు మూత తీసి
మాతే పోసుకుంది.
"తాళ్లు కట్టాకే దిగినట్టు" అంది,
"అందాకా ఎగురుతున్నట్టే."

వారం తర్వాత రెక్కకి అతుకు వేసింది,
వేరే ఎరుపుతో.
రంగు కలవలేదన్నాను.
కలపలేదంది.

ఇప్పుడు ఊళ్లో ట్రక్కు నడుపుతున్నా
నా పాదాలు ఊరుకోవు.