నారింజ మాసిక

ఎర్రజెండా ఎత్తారంటే
ఆ పూట సముద్రం సర్కారుది.

ముందురోజే డప్పు కొట్టిస్తారు.
పంచాయతీ మనిషి ఒడియాలో కాగితం చదువుతాడు:
ఫలానా తారీఖు, పొద్దుట ఆరు మొదలు సాయంత్రం ఐదు దాకా
తెప్ప గాని పడవ గాని నీళ్ళలో దిగరాదు.
బడికెళ్ళే మా ఎర్రన్న దాన్ని తెలుగు చేస్తాడు:
"రేపు కూడు లేదంట."

గంజాం ఒడ్డు ఇది.
మా తాతలు ఏ గాలికి కొట్టుకొచ్చారో ఈ ఇసకలోకి,
సంతలో ఒడియా, వల దగ్గర తెలుగు,
తిట్టుకోడానికి రెండూ.

తెల్లారకముందే బండ్లు దిగుతాయి.
తోకల్లా ఫిరంగుల్ని ఈడ్చుకొచ్చే లారీలు,
చేటలాంటిది తిప్పుకుంటూ రాడారు బండి,
ఆఖర్న, ఇనప గొలుసుల మీద పాకుతూ
నాలుగు గొట్టాలు ఆకాశానికెత్తినది ఒకటి.
అది పోయినచోట ఇసక మీద జాడ
గుడ్లు పెట్టడానికొచ్చిన తాబేలుదే అనిపిస్తుంది.
ఒక మాఘమాసం ఆ రెండు జాడలూ
ఒకదాన్నొకటి దాటుకుని పోయాయి.
ఏది ముందు పోయిందో
గురువులు మావ వంగి, వేలుపెట్టి చెప్పాడు.

మావకి చూపు మసక. చెవుల్తోనే చూస్తాడు.
చుట్ట అంటించుకుని తెప్పమాను మీద కూచుంటే
దబ్... దబ్... దబ్...
"ఇది ముసల్ది, నా పెళ్ళికి ముందునించీ ఉంది."
కోరాగుడ్డ బర్రుమని చింపినట్టుంటే
"నాలుగు గొట్టాల్దిరా."
ముందు పొగ లేచి, ఆనక గుండెలో దెబ్బ తగిలితే
చాలాసేపు మాటాడడు.
"సొర లేచింది" అంటాడప్పుడు.

వాళ్ళు కొట్టేది మనిషి లేని విమానాన్ని,
నారింజరంగుది, మా గుడిసెంత ఉండదు.
తగిలిందో లేదో మాకెవరు చెప్తారు?

జెండా దించిన మర్నాడు
కవ్వళ్ళకని వేసిన వల
కదలనని మొరాయించింది.
బరువుకి మురిసిపోయాం.
లాగితే, రెక్క.
ఒళ్ళంతా వెతికితే ఒక్క చిల్లు లేదు.
చమురైపోయి, గొడుగు విప్పుకుని
పల్లకీ దిగినట్టు దిగుంటుంది మారాణి.
చిల్లు వలకి పడింది,
ఇద్దరు మనుషులు దూరిపోయేంత.

జీపులో ఆఫీసరొచ్చాడు, అన్నీ హిందీలో.
వెనకున్న సిపాయి, ఇంకా మీసం కుదురుకోనివాడు,
నా సణుగుడు విని "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు.
తెలుగు!
"ఈ ఊరే. నీదో?"
"పాలకొండ దగ్గర. మాకు వరి."
మాటాడుతూనే రెక్కంతా అరచేత్తో తడిమాడు,
కింద, పైన, మళ్ళీ కింద.
"ఆ రోజు ఫిరంగి దగ్గర నువ్వేనేటి?"
వినపడనట్టు అలల వైపు తిరిగాడు.
ముచ్చెమటలు పోశాయి పిల్లడికి.
అడక్కుండా ఉండాల్సింది.

పుస్తకంలో రాసుకున్నారు: విమానం ఒకటి, దెబ్బ లేదు.
వల సంగతి రాయడానికి అందులో గడి లేదు.
"గొడుగేదీ? దాని తాళ్ళేవీ?"
"గంగమ్మ పట్టుకుపోయింది బాబూ" అన్నాను.
తాళ్ళ మీద గంప బోర్లించి
గంప మీద నేనే కూచున్నాను.

నాలుగు రాత్రులు పట్టింది, దీపం పెట్టుకుని.
గట్టి తాడు, ముడి జారదు, ఉప్పుకి చివకదు.
నల్లటి వల మధ్యన నారింజ మాసిక,
వాడంతా వచ్చి చూసి నవ్విపోయారు.

మళ్ళీ డప్పు. మళ్ళీ జెండా.
పని లేక వల ఇసకలో ఆరేశాను.
లారీలు వరసగా పోతున్నాయి.
మూడోదాని వెనక, ఫిరంగి పక్కన, పాలకొండ పిల్లడు.
వల చూశాడు.
ఆ రంగు చూశాడు.
మా ఇద్దరి మధ్యా అంత దుమ్ము,
అయినా ఆ కుదురుకోని మీసం కదలడం కనిపించింది.

నోరు విప్పలేదు.
బండి ఎగిరెగిరి పడుతూ పోయింది.
కాసేపటికి దబ్... దబ్... దబ్...
మావ చుట్ట తీసి
"ఇవాళ చెయ్యి నిలకడగా ఉందే" అన్నాడు.