బస్సు దిగుతూ

వారేనాలో ఉన్నన్నాళ్లూ నేను
లిథువేనియాదాన్ని కాను.
మెర్కిస్ ఏటికి ఇవతలిదాన్ని,
తేనెపట్ల కాజిస్ మనవరాల్ని.
సముద్రం వైపు వాళ్ల యాస చెవినబడితే
నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని.

మొనహన్‌లో పుట్టగొడుగుల షెడ్డు.
ఐర్లండ్ మేనేజరు నా పేరు మూడుసార్లు పలకబోయి
విసిగి
దేశం పేరు రాసుకున్నాడు.
నాకు దేశం పుట్టింది ఆ పూటేనేమో,
తడిసిన గ్లవుజుల్లో, నుదుటి దీపం వెలుగులో.

పక్క మంచం జీటాది. సముద్రం వైపు పిల్ల.
ఒక్క నల్లరొట్టె ఇద్దరం కోసుకుంటాం.
ఆ యాసకి నవ్వడం ఎప్పుడు మానేశానో
గుర్తు లేదు.

కోసిన చోట నాచు కప్పమనేది నానమ్మ,
మళ్లీ మొలవాలి కదా అని.
ఇక్కడ కప్పేదేం లేదు. గంటకిన్ని కిలోలు, అంతే.

పదకొండేళ్లకు ఊరెళ్లాను.
బస్సు దిగుతూ డ్రైవరుకి థాంక్స్ చెప్పాను,
మా మాటలోనే, మా యాసలోనే.
చిల్లర తక్కువైందనుకున్నాడో ఏమో
చెయ్యి చాపాడు.
వెనక సీటు ముసలామె గొణిగింది:
"బయటి మనిషి కాబోలు."

మర్నాడు అడవి. రాత్రంతా వాన.
చేతిలో కత్తి ఉంది. అయినా వేళ్లు
షెడ్డులో లాగే మెలితిప్పి, వేరుతో లాగేశాయి.
ఆ గుంటలో నాచు కుక్కుతూ
ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూశాను.

అప్పుడే ఫోను. జీటా.
"ఇంటికెప్పుడొస్తున్నావ్?"
ఏ ఇంటికని అడగబోయాను.
నల్లరొట్టెలు రెండు తెస్తున్నానన్నాను.