అర లీటరు

మంగళ, గురు, శని.
పలాస ఆస్పత్రిలో నాలుగో నంబరు మంచం.
నాలుగేసి గంటలు
నా నెత్తురు నన్నొదిలి
యంత్రం చుట్టూ తిరిగొస్తుంది.
ఎడమ చెయ్యి కదపకూడదు.
కుడి చేత్తో తిప్పగలిగినంత పుస్తకమే చదవాలి.

అలా దొరికింది నాకు
పక్క మంచం మార్తమ్మ దిండు కింద నుంచి
అట్ట ఊడిన చిన్న సువార్తల పుస్తకం.
"ఊరకే ఫేను సూత్తావేటి బావూ, సదువుకో" అంది.
జీడిపిక్కలు కొట్టిన వేళ్ళు ఆమెవి.
ఆగిన చోటల్లా
పేజీ మూల ఒక నల్లటి ముద్ర.

మా ఇంట్లో కూర్మనాథుడి పటం ఉంది.
దాన్ని దింపలేదు, దింపను.
కథ ఎలా చెప్పారో చూద్దామనే మొదలెట్టాను.

మొదటి పేజీ అంతా తాతల పేర్లు,
తాసీల్దారు ఆఫీసులో వారసత్వ సర్టిఫికెట్టులా.
మధ్యలో ఐదుగురు ఆడవాళ్ళు.
నల్లముద్రలన్నీ వాళ్ళ దగ్గరే.

తర్వాత తెలిసింది, ఒకే కథ నాలుగుసార్లని.
తిత్లీ తుపాను గురించి మా ఊళ్ళో నలుగుర్ని అడగండి.
ఒకడు పడిన కొబ్బరిచెట్లు లెక్కపెడతాడు,
ఒకడు ఎగిరిన రేకులు,
ఒకడు ఆ రాత్రి పుట్టిన దూడ సంగతి చెబుతాడు,
ఇంకొకడు గాలి గురించి చెప్పబోయి
లోకం పుట్టకముందు నుంచి ఎత్తుకుంటాడు.
నలుగురి మాటా కలవదు.
అబద్ధమని ఎవరూ అనరు.
తుపాను వచ్చింది.

అంజూరపు చెట్టు దగ్గర మాత్రం దెబ్బలాడాను.
కాపుకాలం కాదని పుస్తకమే చెబుతోంది.
ఆకలి మీద వచ్చాడు, తిట్టాడు, చెట్టు ఎండిపోయింది.
నూటపది జీడిచెట్లు ఒక్క రాత్రిలో
వేళ్ళు పైకెత్తి పడుకోవడం చూసినవాణ్ణి.
అవి ఎవరి మాటకు పడ్డాయి?
ఆ పేజీ మూల మడిచి ముందుకెళ్ళాను.
ఇప్పటికీ ఒప్పుకోలేదు.

మార్తమ్మకీ ఒక పేచీ ఉంది, తన పేరున్న చోట.
అక్క వంటింట్లో చెమటోడుస్తుంటే
చెల్లెలు ఆయన దగ్గర కూర్చుని వింటుంది.
చెల్లెల్నే మెచ్చుకున్నాడాయన.
"అందరూ కాళ్ళకాడే కూకుంటే
గంజి ఎవులు కాస్తారు?" అంటుంది.
అంటూనే ఆ పేజీని కళ్ళకద్దుకుంటుంది.

మార్కు తొందర మనిషి.
వెంటనే లేచాడు, వెంటనే వెళ్ళాడు,
కాశీబుగ్గలో ఆఖరి బస్సు ఉన్నట్టు.
సమాధి దగ్గరి ఆడవాళ్ళు భయపడి పరిగెత్తడం,
ఎవరితోనూ ఏమీ అనకపోవడం
చదివిన శనివారం
ఐదో నంబరు మంచం మీద కొత్త దుప్పటి.
బోర్డు మీద పేరు తుడిచిన తడి ఇంకా ఆరలేదు.
నర్సు సుగుణ నాకు సూది గుచ్చుతూ
ఏమీ అనలేదు.
ఆ తర్వాత ఇంకా కొన్ని వాక్యాలున్నాయి.
ఆ రోజు చదవలేదు.

ఇప్పుడు నాలుగోవాడి దగ్గరున్నాను.
డాక్టరు నాకు రోజుకి అర లీటరు నీళ్ళు రాశాడు,
మందులకీ, మజ్జిగకీ,
మరిచిపోయి మింగిన గుక్కకీ కలిపి.
మా ఉద్దానంలో నీళ్ళంటే అనుమానం.
తోడిన ప్రతి చెంబునీ
దొంగని చూసినట్టు చూస్తాం.
అలాంటివాణ్ణి, ఆ బావి పేజీ దగ్గర ఇరుక్కుపోయాను.

మిట్టమధ్యాహ్నం. నడిచి అలసిన మనిషి.
నీళ్ళిమ్మని ఒకామెను అడిగాడు.
ఎంతసేపో మాట్లాడుకున్నారు,
మొగుళ్ళ గురించి, కొండ గురించి,
తాగితే మళ్ళీ దాహం వెయ్యని నీళ్ళ గురించి.
ఆమె కుండ వదిలేసి ఊళ్ళోకి పరిగెత్తింది.
రెండుసార్లు చదివాను, మూడుసార్లు.
ఆయన తాగినట్టు ఎక్కడా లేదు.

చివర్లో మళ్ళీ దాహమంటాడట,
పుల్లటిదేదో అందిస్తారట.
మార్తమ్మే ముందుగా చెప్పింది,
ఫ్లాస్కులోంచి ఒక ఐసుముక్క తీసి
నా నాలుక మీద పెడుతూ.
అది ఆమె అర లీటరులోది.

అక్కడిదాకా నేనింకా వెళ్ళలేదు.
సుగుణ యంత్రం ఆపి, చేతికి దూది నొక్కి
"పది నిమిషాలు కదలొద్దు" అంది.
నల్లముద్ర పక్కన బొటనవేలు ఆనించి
కూర్చున్నాను.
కుండ ఇంకా బావి గట్టు మీదే ఉంది,
ఎండలో.